దోసెడు నాచు

మాఘ శుద్ధ త్రయోదశి

తొట్టిలో పోసిన ఉప్పునీళ్ళు ఎనిమిది బిందెలు. దిగిన మంచినీళ్ళు నాలుగు బిందెలు. ఎండపలకలు తుడిచాను. తొట్టి అంచున పేరుకున్న ఉప్పు గీకి జాడీకెత్తాను. తూర్పు తాడు వదులైతే బిగించాను, పడమటిది బాగానే ఉంది. చేపలు ఒక బుట్ట తోమి సగం ఎండబెట్టాను. ఉతుకు రేపటికి వాయిదా. అమ్మాయి పెళ్ళి ఒప్పందం మొదటి విడత అయింది.

చివరిది ఇంటిపనుల్లోకి వస్తుందో రాదో తెలియలేదు. సగం రోజు దానికే సరిపోయింది కాబట్టి రాశాను.

తెప్పల మీద కట్టిన మా ఇళ్ళ వరస మొదట్లో కచేరీ తెప్ప ఉంటుంది. నేను, మా ఆయన భద్రం, మా అమ్మాయి చెంగల్వ ఒక పడవలో వెళ్ళాం. పెళ్ళికొడుకు సోమేశు, వాళ్ళమ్మ నూకరత్నం వదిన నాలుగో వరస నుంచి ఇంకో పడవలో వచ్చారు. లోపల గోడకి ఇత్తడి జల్లెడ లాంటిది ఒకటి ఉంది. ఒప్పందాలూ బాకీలూ రాసే సాక్షి అందులోంచే మాట్లాడుతుంది. మా ఇంట్లో తొట్టి పైన ఉన్న చిన్న జల్లెడలోంచి వచ్చేదీ ఇదే గొంతు. ఇంట్లో అయితే నీళ్ళ కొలత తప్ప ఇంకేమీ చెప్పదు.

"పెళ్ళికూతురు ఏం తెస్తోంది?" అని అడిగింది.

"దోసెడు నాచు," అన్నాను. "మా తొట్టిలోదే. పచ్చటిది, జబ్బు లేనిది."

అప్పుడు సాక్షి ఒప్పందం సంగతి చెప్పింది. ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే నాచు ఒకసారి తొట్టిలో కలిశాక ఇది నీది, ఇది నాది అని విడదీయలేం. అందుకే ముందుగా రాసుకోవాలి. అమ్మాయి తెచ్చినదాన్ని 'పుట్టింటి దోసెడు' అని రాస్తే, ఎప్పుడైనా ఆ ఇంటి తాడు విప్పుకుని బయటికి రావలసి వచ్చినప్పుడు ఆ తొట్టిలోంచి దోసెడు కోసుకుని తెచ్చుకోవచ్చు. దోసెడు నాచు ఉన్న మనిషికి ఏదో ఒక వరసలో లంగరు వేసుకోనిస్తారు. లేని మనిషిని ఉప్పునీళ్ళు మరిగించే పనికి బార్జీ ఎక్కిస్తారు. పుట్టింటికి పోదామన్నా, తొట్టిలో ఎన్ని దోసిళ్ళుంటే ఆ ఇంట్లో అంతమందే ఉండాలి.

నూకరత్నం వదిన నవ్వింది. "శుభమా అని పెళ్ళి చేస్తుంటే విడిపోయే లెక్కలేంటి వదినా! మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా? తాడు కట్టుకున్నాం, కాపురాలు చేశాం."

"మీ కాలంలో బార్జీ లేదు కదా అత్తయ్యా," అంది చెంగల్వ.

"చూశావా, అప్పుడే ఎదురు సమాధానం! నాకు ఇలాంటిదే కావాలి," అని దాని బుగ్గ గిల్లింది వదిన.

సాక్షి ఒక్కొక్క మాట చెప్పి "అర్థమైందా?" అని అందరినీ పేరు పేరునా అడుగుతుంది. అర్థమైందనే దాకా ముందుకు పోదు. మా ఆయన మధ్యలో కునుకు తీశారు.

"భద్రం గారూ, అర్థమైందా?"

"ఆయ్, ఆయ్. మా ఆవిడకి అర్థమైతే నాకైనట్టేనండి."

"అలా రాయడానికి వీల్లేదు," అంది సాక్షి. ఆయనకి మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. చెంగల్వ, సోమేశు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వాపుకోలేకపోయారు.

ఇంటికొచ్చి తొట్టి చూసుకున్నాను. నాలుగు దోసిళ్ళ నాచు ఉంది, మనుషులం ముగ్గురం. అమ్మాయి దోసెడు అమ్మాయికి పోయినా మా ఇద్దరికీ మూడు మిగులుతాయి. ఏ ఇబ్బందీ లేదు.

మాఘ బహుళ పంచమి

ఉప్పునీళ్ళు ఎనిమిది, మంచినీళ్ళు నాలుగు. ఉతుకు రెండు బుట్టలు. మా ఆయన లంగరు గొలుసుల పనికి దిగేటప్పుడు వేసుకునే చొక్కా మోచేతి దగ్గర చిరిగితే అతుకు వేశాను. ఒప్పందం రెండో విడత అయింది.

ఈ విడతలో సాక్షి రెండిళ్ళ మధ్యా ఉన్న బాకీలు చదివింది. మా మధ్య ఉన్నది ఒక్కటే. "పెళ్ళికూతురి ఇల్లు పెళ్ళికొడుకు ఇంటికి దోసెడు నాచు బాకీ. ఎర్రపోటు ఏడాదిది."

నేను మర్చిపోయిన బాకీ కాదది. నా చిట్టా పుస్తకం ఎన్నిసార్లు మార్చినా మొదటి పేజీలో దాన్ని ఎక్కించుకుంటూనే వచ్చాను. ఎర్రపోటు వచ్చినప్పుడు మా వరసలో తొట్లన్నీ ఒక్క పూటలో చచ్చిపోయాయి. చెంగల్వ పాలు తాగే పిల్ల. జ్వరంతో పెదాలు పగిలిపోయాయి. అప్పుడు నూకరత్నం వదిన దోసెడు నాచు తడిగుడ్డలో చుట్టి, ఎండ తగలకుండా కొంగు కప్పి, ఆ ఎర్రటి నీళ్ళలో తెడ్డు వేసుకుంటూ ఒక్కతే వచ్చింది. మా తొట్టిలో ఇప్పుడున్న నాచంతా ఆ దోసెడు పిల్లలే.

నాచు బాకీ ఎవరూ తీర్చరు. తీర్చేస్తే ఇక మీ గడప తొక్కం, మీరూ మా గడప తొక్కొద్దు అని చెప్పినట్టు. పైడితల్లి ఇంటివాళ్ళూ మూలనున్న రామసుబ్బులు ఇంటివాళ్ళూ తగవు పడి బాకీ తీర్చేసుకున్న రోజున వరసంతా నోరు నొక్కుకుంది. బాకీ ఉంటే చుట్టరికం ఉన్నట్టే. నేనూ వదినా ఇన్నేళ్ళూ ఉగాదికి ఒకళ్ళింటికొకళ్ళు వెళ్ళి, "నీ దోసెడు నా దగ్గరే ఉంది వదినా" అని నేను, "ఉండనీ వదినా" అని తను, నవ్వుకుంటూనే ఉన్నాం.

సాక్షి చెప్పింది. "ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి వచ్చే నాచు ముందుగా బాకీ కింద జమ అవుతుంది. బాకీ పోగా మిగిలినదే పుట్టింటి దోసెడు. వరహాలమ్మ గారూ, అర్థమైందా?"

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. పెళ్ళిలో మా అమ్మాయి తీసుకెళ్ళే దోసెడు బాకీకి పోతుంది. దాని పేరన ఏమీ ఉండదు.

"అర్థమైంది గానీ నేను ఒప్పుకోను," అన్నాను.

"అర్థమైనట్టు రాశాను."

"ఒప్పుకోలేదని కూడా రాయి."

"అది రాసే చోటు లేదండి. ఒప్పుకోకపోతే పెళ్ళి ఆపుకోవచ్చు. ఆపమంటారా?"

అందరూ నావైపే చూశారు. చెంగల్వ కళ్ళు పెద్దవి చేసింది. నేను తల అడ్డంగా ఊపాను. సాక్షికి తల ఊపడం కనపడదట, నోటితో చెప్పమంది. వద్దన్నాను.

"మరి బాకీ ముందే తీర్చేస్తే?" అని అడిగాను.

"మూడో విడత లోపల తీర్చవచ్చు. ఇచ్చినవారు తొట్టి దగ్గర నాచు మీద చెయ్యి పెట్టి, నాకు వినపడేలా 'అందింది' అనాలి."

 నూకరత్నం వదిన చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ కూర్చుంది.

నాచు అష్టమి నాడే కొయ్యాలి. ఆ రోజు పోటూ పాటూ రెండూ మెత్తగా ఉంటాయి, కోత గాయం మానుతుంది. అదీ ఒక్కసారికి దోసెడే. పెళ్ళి లోపల అష్టములు రెండున్నాయి. మొదటి అష్టమి దోసెడు బాకీకి, రెండోది అమ్మాయికి. మిగిలేవి రెండు దోసిళ్ళు, ఉండేది మేమిద్దరం. లెక్క సరిగ్గా సరిపోయింది. రాత్రి నెమ్మదిగా నిద్రపట్టింది.

మాఘ బహుళ అష్టమి

ఉప్పునీళ్ళు ఆరే పోశాను, కోత రోజు కాబట్టి. మంచినీళ్ళు మూడు. వంట పొద్దున్నే అయింది. నాచు కోత ఒక దోసెడు.

ఇనుము తగలకూడదు కాబట్టి ఆల్చిప్పతో కోశాను. తడిగుడ్డలో చుట్టుకుని నేనూ మా ఆయనా నాలుగో వరసకి వెళ్ళాం. చెంగల్వ రానంది. "బాకీ తీర్చడానికి వెళ్తున్నావా పెళ్ళికి ముందు? వాళ్ళేమనుకుంటారమ్మా?" అంది.

వదిన వాకిట్లోకి ఎదురొచ్చి నా చేతిలో గుడ్డ చూసి మొహం చిన్నబుచ్చుకుంది. "ఇదేంటి వదినా, ఇది!"

"నీకు తెలియనిదేముంది. ఒప్పందం కోసం. తొట్టి దగ్గర ఒక్క మాట అనేశావంటే..."

"ఛ ఛ, మన మధ్య బాకీలేంటి! పిల్లలు పెళ్ళి చేసుకుంటుంటే మనం మొహాలు తిప్పుకోవడమా? వరసలో నలుగురూ ఏమంటారు? వియ్యపురాలు బాకీ విసిరికొట్టిందంటారు. కూర్చోండన్నయ్యా, పీతల పులుసు పెట్టాను."

పులుసు బాగుంది. మా ఆయన రెండోసారి వేయించుకున్నారు. సోమేశు నీళ్ళు తెచ్చిచ్చాడు. కడుపునిండా అన్నం పెట్టి, ఎంత అడిగినా చెయ్యి మాత్రం పెట్టలేదు. ఒకసారి నేను గుడ్డ విప్పి తొట్టి అంచున పెడితే, మళ్ళీ చుట్టి నా ఒళ్ళో పెట్టింది. బలవంతంగా ఒకళ్ళ చెయ్యి పట్టుకుని నాచు మీద పెట్టించలేం కదా.

అప్పుడు వాళ్ళ తొట్టి చూశాను. అంచుల్లో నాచు పసుపు తిరిగింది. వాసన కూడా పుల్లగా ఉంది. నేను చూస్తున్నానని తెలిసి వదిన మూత వేసింది.

దారిలో మా ఆయన అన్నారు. "ఆవిడ అంత ప్రేమగా వద్దంటుంటే నీకేంటే పట్టుదల?"

"ప్రేమ కాదండీ అది."

"పీతల పులుసు కూడా ప్రేమ కాదా?"

 ఆయన తెడ్డు వేస్తూ పాటందుకున్నారు.

మాఘ బహుళ దశమి

ఉప్పునీళ్ళు ఆరు, మంచినీళ్ళు మూడు. ఇంకేమీ రాయబుద్ధి కాలేదు గానీ రాస్తున్నాను. పలకలు తుడిచాను. కూర మాడింది.

కోసిన నాచు తడిగుడ్డలో రెండు రోజులు ఉంటుంది. కన్నతొట్టిలో తిరిగి అతకదు, వేరే తొట్టిలోనే బతుకుతుంది. నిన్న మా ఆయనని మళ్ళీ పంపించాను. వదిన ఇంట్లో లేదట, సోమేశు ఉన్నాడట. "మా అమ్మ వచ్చాక చెబుతాను మామయ్యా" అన్నాడట. ఇవాళ పొద్దున్న గుడ్డ విప్పితే నాచు తెల్లబడింది. సముద్రంలో వదిలేశాను. కాసేపు తేలి, విడివిడిగా పోయింది.

తొట్టిలో ఉన్నవి మూడు దోసిళ్ళు.

మాఘ బహుళ ఏకాదశి

ఉప్పునీళ్ళు ఆరు, మంచినీళ్ళు మూడు. బూడిద గుమ్మడి ఒడియాలు పెట్టాను. ఏడో వరస దాకా వెళ్ళొచ్చాను.

ఏడో వరస చివర నూకరత్నం వదిన పెద్దకోడలు సుందరి ఉంటోంది. సోమేశు అన్నని వదిలి వచ్చేసి రెండేళ్ళు దాటింది. ఒంటి గది తెప్ప, చిన్న తొట్టి, రెండు బెండ మొక్కలు. అక్కడి నుంచి చూస్తే దూరంగా బార్జీ కనిపిస్తుంది. ఉప్పునీళ్ళు మరిగించే పొగ ఎప్పుడూ దాని మీద ఉంటుంది. అక్కడ పని చేసినన్నాళ్ళూ నీళ్ళిస్తారు. చెయ్యలేనివాళ్ళ సంగతి ఎవరూ మాట్లాడరు.

"రా పిన్నీ," అని చాప వేసింది. "మా తోటికోడలి సంగతి మాట్లాడ్డానికేనా?"

"ఇంకా తోటికోడలేంటే, నువ్వు వచ్చేశావు కదా."

"అలవాటు పోలేదు."

ఉన్నదున్నట్టు చెప్పాను. విని తన తొట్టిలో చెయ్యి పెట్టి నాచు నిమిరింది. "మా అమ్మ పుట్టింటి దోసెడని రాయించింది. అప్పుడు నేను కూడా నవ్వాను, ఎందుకమ్మా అని. అది లేకపోతే ఈపాటికి ఆ పొగలో ఉండేదాన్ని." మళ్ళీ తనే అంది. "అత్త మంచిదే పిన్నీ. నేను కోసుకున్న రోజున ఒక్క మాటైనా అనలేదు. పక్కన నిలబడి దీపం పట్టుకుంది. కానీ నా దోసెడు పోయాకే ఆ తొట్టి పసుపు తిరిగింది. పచ్చ నాచు పక్కనుంటేనే ముసలి నాచు బతుకుతుంది."

"సోమేశు ఎలాంటివాడే?"

"మంచోడే. వాళ్ళన్న కూడా పెళ్ళికి ముందు మంచోడే."

నిన్న తెల్లబడిన దోసెడు సంగతి చెప్పాను. సుందరి నుదురు కొట్టుకుంది. "అయ్యో పిన్నీ, మొన్న నా దగ్గరికి తెచ్చుంటే నా తొట్టిలో వేసి దాచేదాన్ని కదా! ఎప్పుడవసరమైతే అప్పుడు మీ అమ్మాయికి కోసిచ్చేదాన్ని."

నాకు ఆ ఆలోచనే రాలేదు. ఇంటికి తిరిగొచ్చే దారంతా అదే. మొన్న. అష్టమి సాయంత్రం నాలుగో వరస నుంచి ఏడో వరసకి పడవ ఎంతసేపు? అన్నం అరిగేంతసేపు.

"పోనీ నువ్వు ఒక దోసెడు ఇవ్వలేవా?" అని అడిగాను, సిగ్గు లేకుండా.

"ఉన్నదే దోసెడు పిన్నీ. ఇంకో దోసెడు ఊరాలంటే మూడేళ్ళు."

మాఘ అమావాస్య

పెద్ద పోటు. తాళ్ళన్నీ రెండుసార్లు చూడవలసి వచ్చింది. మంచినీళ్ళు మూడు. వంట లేదు, అటుకులతో సరిపెట్టాం.

మా ఆయన గొలుసుల దగ్గరికి వెళ్ళారు. చెంగల్వా నేనూ తూర్పు తాడు పట్టుకుని కూర్చున్నాం, ఇల్లు ఊగిపోతోంది. ఇప్పుడు తప్ప మాట్లాడే వీలు దొరకదని అన్నాను. "పెళ్ళి మూడేళ్ళు ఆగితే ఏం? ఇంకో దోసెడు ఊరుతుంది."

"మూడేళ్ళా!"

"నీ పేరు మీద నాచు లేకుండా ఆ ఇంటికి ఎలా పంపనే?"

"అమ్మా, పొద్దస్తమానం నేను తిరిగొచ్చేస్తానన్నట్టే మాట్లాడతావేంటి? సోమేశు మీద నమ్మకం లేకపోతే పెళ్ళెందుకు చేస్తున్నావు?"

"నమ్మకం ఉన్నప్పుడే రాసుకోవాలి. పోయాక ఎవరు రాయనిస్తారు?"

"మీకు ఒప్పందం ఉందా? నాన్నని నమ్మే వచ్చావు కదా."

"నాన్న మంచివాడవడం నా తెలివి కాదు చెంగల్వా. కలిసొచ్చింది, అంతే."

 తాడు మా ఇద్దరి చేతుల్లోనూ బిగుసుకుని వదులవుతోంది. చెంగల్వ నెమ్మదిగా అంది. "వాళ్ళ తొట్టి పాడైపోతోందమ్మా. సోమేశు చెప్పాడు. ఉగాదికి కొలత చూస్తారట. పచ్చ నాచు లేకపోతే వాళ్ళమ్మనీ, అన్ననీ, అతన్నీ ముగ్గురినీ బార్జీ ఎక్కిస్తారు. నేను మూడేళ్ళు ఆగితే అతను అక్కడుంటాడు."

"అయితే అందుకేనా నిన్ను చేసుకుంటున్నాడు?"

"అలా అనకు." ఏడ్చింది. "అందుకే ఎందుకవుతుంది? అందుకు కూడా అయితే మాత్రం తప్పేంటి? నేను బతకడానికి వాళ్ళ దోసెడు పనికొచ్చింది కదా."

 తెల్లవారేసరికి పోటు తగ్గింది. పడమటి తాడు ఒక పురి తెగింది. మార్చాలి.

ఫాల్గుణ శుద్ధ షష్ఠి

ఉప్పునీళ్ళు ఆరు, మంచినీళ్ళు మూడు. పెళ్ళి చీర అంచు కుట్టాను. పడమటి తాడు మార్చాం. నూకరత్నం వదిన వచ్చింది.

ఒక్కతే వచ్చింది, పసుపూ కుంకం, బెల్లం ఉండలు తెచ్చింది. చెంగల్వ ఇంట్లో లేదు. పెట్టింది తిన్నాను. తర్వాత అడిగాను. "మూడో విడత ఇంకా కాలేదు వదినా. ఎల్లుండి అష్టమి. ఎల్లుండి కోసేది బాకీకి జమ చేసుకో. అమ్మాయికి అవతలి అష్టమికి కోసిస్తాను, పెళ్ళి పదిహేను రోజులు వెనక్కి జరుపుదాం. మాకు ఒక దోసెడు మిగిలినా సర్దుకుంటాం."

"ఇద్దరికి ఒక దోసెడంటే మీలో ఒకళ్ళని బార్జీకి తీసుకుపోతారు. తెలిసే అంటున్నావా?"

ఉండల పళ్ళెం ఆవిడ వైపు జరిపాను. తెలిసే అన్నాను.

"నేనేమైనా రాక్షసినా వదినా, నిన్నో అన్నయ్యనో బార్జీకి పంపి నీ కూతుర్ని తెచ్చుకోవడానికి?" అంది. తర్వాత బెల్లం ఉండ చేతిలో తిప్పుతూ, నా మొహం చూడకుండా చెప్పింది. "పోనీ అన్నీ కుదిరాయనుకో. నీ కూతురు పేరన దోసెడు రాశాం. రేపు ఏదో మాటా మాటా వస్తుంది. కోసుకుని పోతుంది. పెద్దది పోలా? దీపం పట్టుకుని నిలబడ్డాను, ఏం చెయ్యను, కాగితం ఉంది కదా దానికి. ఇంకోసారి పోతే మా తొట్టి లేదు. మా ఇల్లే లేదు. నాకు వేరే దారి లేదు వదినా."

"దానికీ వేరే దారి ఉండదు కదా, మరి."

"చూసుకుంటాను. నా కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటాను."

"నువ్వు చూసుకుంటావు. నీ తర్వాత?"

వదిన కళ్ళు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది. ఇద్దరం అలాగే కూర్చున్నాం. ఎర్రపోటు రోజు కూడా ఇలాగే ఈ చాప మీదే కూర్చున్నాం, చెంగల్వ నోట్లో మొదటి చెంచా నీళ్ళు పోసి. ఆ రోజు ఆవిడ నన్ను ఏమీ రాసిమ్మని అడగలేదు.

వెళ్ళేటప్పుడు, "నామీద కోపం పెట్టుకోకు," అంది. కోపం ఎక్కడ పెట్టాలో తెలిస్తే పెట్టుకునేదాన్ని.

ఫాల్గుణ శుద్ధ అష్టమి

కోతకి ముందే ఉప్పునీళ్ళు ఆరు పోశాను, మంచినీళ్ళు మూడు దిగాయి. నాచు కోత ఒక దోసెడు.

ఈ దోసెడు సుందరి తొట్టిలో దాచేస్తేనో అని తెల్లవారుజాము నుంచి ఆలోచించాను. కానీ పెళ్ళికూతురు నాచు లేకుండా గడప దాటితే ఆ ఇంట మనిషి కింద లెక్క రాదు. పెళ్ళి ఆపి అవతలి అష్టమికి మిగిలిన రెండింటిలోంచి కోస్తే మా ఆయనో నేనో బార్జీకి వెళ్ళాలి. మా ఆయనతో అన్నాను, నేను వెళ్తానని. ఎప్పుడూ నవ్వించే మనిషి, చేతిలో ఉన్న ఆల్చిప్ప లాక్కుని సముద్రంలోకి విసిరేశారు.  తర్వాత ఆయనే పడవ వేసుకెళ్ళి ఇంకో చిప్ప ఏరుకొచ్చి నా చేతికిచ్చారు.

"ఒక్క దోసెడు కొయ్యి," అన్నారు.

ఫాల్గుణ శుద్ధ నవమి

మంచినీళ్ళు రెండు. ఒప్పందం మూడో విడత.

సాక్షి మొత్తం చదివింది. బాకీ ఇంకా ఉంది. అది మళ్ళీ చెప్పింది, వచ్చే నాచు ముందుగా బాకీకి జమ అని. పుట్టింటి దోసెడు అన్న చోట 'లేదు' అని చదివింది.

"చెంగల్వా, అర్థమైందా?"

"అర్థమైంది."

"సోమేశూ?"

 సోమేశు వాళ్ళమ్మ వైపు చూశాడు. "సాక్షీ, నేను నా ఇష్టంతో ఆమెకి ఒక దోసెడు రాసివ్వొచ్చా?"



"తొట్టి మీ అమ్మగారి పేరన ఉంది. ఆవిడ ఇష్టపడితే రాయవచ్చు."

నూకరత్నం వదిన తల వంచుకుని కూర్చుంది. సాక్షి ఎదురుచూసింది. సోమేశు ఎదురుచూశాడు. వదిన తలెత్తలేదు. చెంగల్వే సోమేశు మోచెయ్యి పట్టుకుని, "పోనీలే," అంది.

"సోమేశూ, అర్థమైందా?"

"అర్థమైంది," అన్నాడు.

మా ఆయన నిద్రపోలేదు. ఆయన వంతు రాగానే అర్థమైందన్నారు. నా వంతు ఆఖరుకి వచ్చింది. ఎప్పుడూ లేనిది, సాక్షి నన్ను రెండుసార్లు అడగవలసి వచ్చింది.

ఫాల్గుణ శుద్ధ దశమి

పోసిన ఉప్పునీళ్ళు నాలుగు బిందెలు. దిగిన మంచినీళ్ళు రెండు. వాకిలి కడిగి ముగ్గు పెట్టాను. పలకలు తుడవలేదు. వంట పెళ్ళివారింట్లో. మూడు కంచాల్లో ఒకటి పైఅరలో పెట్టాను.

పెళ్ళి బాగా జరిగింది. నాలుగో వరసంతా వచ్చింది. తాళ్ళు కట్టడం అయ్యాక చెంగల్వని తొట్టి దగ్గర పీట మీద కూర్చోబెట్టారు. తడిగుడ్డ విప్పి నాచు అరచేతుల్లోకి తీసుకుంది. సోమేశు వాటి కింద తన చేతులు పెట్టాడు. పచ్చగా, తళతళలాడుతూ ఉంది, పాలు తాగే పిల్లలా.

నూకరత్నం వదిన దాని మీద చెయ్యి పెట్టింది. ఒక్క క్షణం ఆగి నావైపు చూసింది. నేను చూపు తిప్పుకోలేదు.

"అందింది," అంది.

పైన జల్లెడలో సాక్షి చిన్నగా గంట కొట్టింది. ఆడవాళ్ళు కొందరు ఉలిక్కిపడ్డారు, పెళ్ళిలో బాకీ తీరిన గంటేంటని. ఎవరో పాట అందుకున్నారు, సర్దుకుపోయింది. నాచు నీళ్ళలోకి జారి, పసుపు నాచు మధ్య కాసేపు విడిగా కనిపించి, తర్వాత ఏది ఏదో తెలియకుండా పోయింది. చెంగల్వ అడుగుదాకా వంగి చూసింది. తర్వాత ఖాళీ గుడ్డ పిండి, నాలుగు మడతలు పెట్టి, నా చేతికిచ్చింది.

"జాగ్రత్తమ్మా," అంది. అది నేను అనవలసిన మాట.

బయల్దేరేటప్పుడు వదిన పడవ దాకా వచ్చింది. ఎప్పుడూ అనే మాట కోసం ఇద్దరం ఆగాం. నీ దోసెడు నా దగ్గరే ఉంది వదినా అని నేను అనాలి, ఉండనీ వదినా అని తను అనాలి. ఇప్పుడు ఆ మాటకి చోటు లేదు. మా ఆయన తాడు విప్పారు. పడవ కదిలింది.

ఇంటికొచ్చి గుడ్డ ఆరేశాను. పుస్తకం తెరిచి మొదటి పేజీ తీశాను.

నూకరత్నం వదినకి ఎర్రపోటు ఏడాది దోసెడు నాచు బాకీ: తీరింది.